దారి వంకరైనా సరే



ఎండకాలం సెలవులు దగ్గర పడుతున్నాయంటే మా బొగ్గుగనుల ఊళ్లలో, గోదావరిఖనిలో, యైటింక్లయిన్ కాలనీలో, మా సెంటినరీ కాలనీలో ఏ క్వార్టర్ ముందు నలుగురు కూడినా ఒకటే ముచ్చట. ఈసారి ఎటు పోతున్నరు? ఎల్‌టీసీ పెట్టుకున్నరా? లీవు శాంక్షనైందా? సొంతూరికి పోయి రావడానికి, దేశం తిరిగి రావడానికి బొగ్గుగని కార్మికుడికి వేతన ఒప్పందంలోనే ప్రయాణ సౌకర్యం రాసి ఉంది. సంఘాలు కూర్చుని మాట్లాడి సాధించుకున్న హక్కు అది.

ఆ హక్కును మనం ఎట్లా వాడుకుంటున్నామన్నదే ఇవాళ నేను మీతో పంచుకోవాలనుకుంటున్న సంగతి. పది కుటుంబాలు కలిసి బస్సు మాట్లాడుకుంటాం. షిర్డీ, నాసిక్, త్ర్యంబకం. లేదంటే ప్రయాగ, కాశీ, గయ. తెల్లవారుజామున దిగడం, స్నానం, లైను, దర్శనం, టిఫిను, మళ్లీ బస్సు. కాశీకి పోయి వచ్చిన మనిషిని పట్టుకుని కాశీ ఎట్లుందని అడగండి. ‘దర్శనం జల్దీ అయింది, ఏం తక్లీఫ్ కాలేదు’ అంటాడు. గంగ ఒడ్డున పడవ నడిపేవాడు ఏం పాడుకుంటున్నాడో, సందులో అమ్మే కచోరీ ఎట్లుంటుందో, మగ్గం మీద బనారస్ చీర నేసే మనిషి వేళ్లు ఎంత వేగంగా ఆడతాయో ఆయన చూడలేదు. చూడటానికి బస్సు ఆగలేదు.

ఎందుకిట్లా అంటే కారణం నాకు తెలుసు. ఇక్కడ జీవితమంతా షిఫ్టుల మీద నడుస్తుంది. పొద్దున ఏడింటికి ఫస్టు షిఫ్టు, మూడింటికి సెకండు, రాత్రి పదకొండింటికి నైటు. మస్టర్ పడే వేళ దాటితే ఆ రోజు కూలి పోయినట్టే. వంట, నిద్ర, పిల్లల బడి, చుట్టాల రాకపోకలు అన్నీ ఆ గంటలకే కట్టుబడి ఉంటాయి. ఏళ్ల తరబడి అట్లా బతికిన మనిషికి గంటల లెక్క ఉంటేనే మనసు నెమ్మదిగా ఉంటుంది. వెంట ముసలి తల్లిదండ్రులుంటారు, చేతిలో డబ్బు లెక్కగా ఉంటుంది, భాష రాని ఊళ్లో దిగుతున్నామన్న బెరుకుంటుంది. అందుకే ముందే అన్నీ ఖరారు చేసుకుంటాడు. ఆ జాగ్రత్తను నేను గౌరవిస్తాను. నా విన్నపం ఒక్కటే: ఆ లెక్కలో ఒక పూట ఖాళీగా వదలండి. ఆ పూటకు ఏమీ రాసుకోకండి. ఎవరు పిలిస్తే వాళ్లతో మాట్లాడండి, ఏ దారి నచ్చితే ఆ దారిన పొండి.

ఈ మాట చెప్పడానికి మన రామగిరి గుట్ట కంటే మంచి తావు దొరకదు. కాళిదాసు మేఘదూతం తెలిసిన వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. కుబేరుడి శాపంతో ఏడాది పాటు భార్యకు దూరమైన యక్షుడు ఉన్నది రామగిరి మీద. ఆ రామగిరి నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని ఎక్కువమంది పండితులు అంటారు. మన రామగిరే అన్నవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా పండితులకే వదిలేద్దాం. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆషాఢమాసంలో కొండ మీద వాలిన మేఘాన్ని చూసి యక్షుడు ఉత్తరాన ఉన్న అలకాపురికి దారి చెబుతాడు. భార్య అక్కడ కుమిలిపోతోంది, కబురు తొందరగా అందాలి. అంత తొందరలో ఉన్నవాడు కూడా మేఘంతో ఏమంటాడంటే, ఉజ్జయిని నీ దారిలో లేదు, పోవాలంటే చుట్టు తిరగాలి, అయినా సరే ఆ ఊరు చూడకుండా పోవద్దు అంటాడు. కొండల మీద ఆగి అలసట తీర్చుకో, నదుల నీళ్లు తాగు అని కూడా చెబుతాడు. విరహంలో ఉన్నవాడే దారి వంకరైనా చూసి పొమ్మన్నాడు. రెండు వారాల లీవు చేతిలో ఉన్న మనం ఒక్క గంట అటు తిరగలేమా?

రామగిరి ఖిల్లాకు బేగంపేట ఊరి మీదుగా ఎక్కుతారు. కాకతీయుల కాలం నుంచి అసఫ్‌జాహీల దాకా ఎందరి చేతులో మారిన కోట. గోడలు, దర్వాజాలు, ఫిరంగులు, కొలనులు, రాముడు సీతతో ఇక్కడ ఉన్నాడని చెప్పుకునే గుర్తులు అన్నీ ఉన్నాయి. శ్రావణమాసంలో జనం బాగా వస్తారు. ఇవన్నీ ఎట్లాగూ చూస్తారు. ఈ గుట్ట అసలు సంపద పచ్చదనంలో ఉంది. మందు మొక్కలకు రామగిరి పేరుపడ్డది. వైద్యం తెలిసిన పల్లెవాళ్లు వస్తారు, వృక్షశాస్త్రం చదివే విద్యార్థులు సంచులు తగిలించుకుని వస్తారు.

ఒక శ్రావణంలో నేను గుట్ట ఎక్కుతుంటే నా ముందు ఒక కుటుంబం పోతోంది. తండ్రికి తొందర. పైకి పోవాలి, ఫొటోలు దిగాలి, ఎండ ముదరకముందే కిందికి రావాలి. పిల్లవాడు మాత్రం దారి పక్కన పొదలో చెయ్యి పెట్టి ఆకులు కోస్తున్న ఒక ముసలాయన దగ్గర ఆగిపోయాడు.

‘తాతా, అదేం ఆకు?’

‘పొడపత్రి, బిడ్డా. నోట్లేసుకుని మంచిగ నములు. మింగకు, ఉమ్మెయ్.’

పిల్లవాడు తండ్రి వైపు చూశాడు. ఆయన ఊఁ అనలేదు, వద్దనలేదు. పిల్లవాడు నమిలాడు, చేదుకు ముఖం ముడుచుకుని ఉమ్మేశాడు. అప్పుడు ముసలాయన నడుముకున్న చిక్కం లోంచి చిన్న బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. ‘ఇగ ఇది తిను.’ పిల్లవాడు బెల్లం నోట్లో వేసుకుని నిలబడిపోయాడు. తీపి లేదు. నాలుక మీద మట్టిబెడ్డ పెట్టుకున్నట్టుంది. వాడు మళ్లీ మళ్లీ చప్పరిస్తున్నాడు, బెల్లం కరుగుతోంది, తీపి మాత్రం తగలడం లేదు. ‘నాయినా, బెల్లం తియ్యగ లేదే!’ అని ఒక్క అరుపు అరిచాడు. ఈసారి తండ్రి తనే చెయ్యి చాపి ఆకు అడిగాడు, తరువాత తల్లి, తరువాత నేను. పొడపత్రి నమిలితే కొద్దిసేపు నాలుకకు తీపి తెలియదు. అందులోని పదార్థం తీపిని పసిగట్టే కణాలను అడ్డుకుంటుందని సైన్సు చెబుతుంది. చక్కెర జబ్బుకు మన ఊళ్లలో ఈ ఆకును ఎప్పటి నుంచో వాడుతున్నారు.

నేను పైదాకా పోయి దిగి వచ్చేసరికి కూడా ఆ కుటుంబం అక్కడే ఉంది. ముసలాయన తిప్పతీగ ఎక్కడ పాకుతుందో, సుగంధిపాల వేరు వాసన ఎట్లుంటుందో చూపిస్తున్నాడు. తల్లి ఆ వేరును గోరుతో గీరి వాసన చూసి పిల్లవాడి ముక్కు దగ్గర పెడుతోంది. ఫొటోల సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ రోజు ఆ గుట్టను నా కంటే వాళ్లే బాగా చూశారని నా నమ్మకం.

ఇట్లాంటిది జరగాలంటే రెండు కావాలి. ఆగడానికి వేళ ఉండాలి, ఎదుటివాడి దగ్గర నేర్చుకోవలసింది ఉందన్న ఒప్పుకోలు ఉండాలి. రెండోది మొదటిదాని కంటే కష్టం. గోచీ కట్టుకుని ఆకులు కోసేవాడికి మనకంటే ఎక్కువ తెలుసని ఒప్పుకోవడానికి చదువుకున్న మనసు అంత సులభంగా వంగదు.

మనం రోజూ పోయే దారుల్లోనే ఎంత ఉందో చూడండి. పెద్దపల్లి నుంచి కరీంనగర్ పోతుంటే పెద్దబంకూరు వస్తుంది. బస్సు కిటికీ లోంచి చూస్తే అదీ ఒక ఊరే. అక్కడ పురావస్తు శాఖ వాళ్లు తవ్వితే శాతవాహనుల కాలపు ఇటుక కట్టడాలు, బావులు, వేల కొద్దీ నాణేలు బయటపడ్డాయి. అక్కడికి దగ్గరలోనే ధూళికట్ట. బౌద్ధ స్తూపం ఉన్న చోటు, బుద్ధుడికి పడగ పట్టిన ముచిలింద నాగుడి శిల్పం దొరికిన చోటు. ఇంకొంచెం అవతల గోదావరి ఒడ్డున కోటిలింగాల. అక్కడ దొరికిన తొలి శాతవాహన నాణేలను పట్టుకుని చరిత్రకారులు రాజుల వరుసనే మళ్లీ ఆలోచించవలసి వచ్చింది. ఆ నాణేలను ఓపికగా సేకరించి చదివిన వాళ్లలో దేమె రాజారెడ్డి గారు ఒకరు. ఆయన వృత్తి మెదడు, నరాల శస్త్రచికిత్స. తన పని కాని పనిలో మనసు పెట్టిన వైద్యుడి వల్ల మన ప్రాంతం చరిత్రకు ఎంత మేలు జరిగిందో! రెండు వేల ఏళ్ల కింద వర్తకులు, భిక్షువులు నడిచిన దారి మీదే మనం కునుకు తీస్తూ పోతున్నాం.

ఇక కాళేశ్వరం. దర్శనం చేసుకుని, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట స్నానం చేసి చాలామంది వెనక్కి తిరుగుతారు. ఒక్కసారి అట్లా వెనక్కి తిరగకుండా వంతెన దాటి చూడండి. అవతల సిరొంచ. మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా. వంతెన కట్టకముందు పడవల మీద దాటేవాళ్లు. దుకాణాల బోర్డులు మరాఠీలో, బడి చదువు మరాఠీలో, బజార్లో మాట మాత్రం తెలుగు. 1860లో నిజాం ఈ ఎడమగట్టు తాలూకాలను బ్రిటిషువాళ్లకు అప్పగించాడు. ఎగువ గోదావరి జిల్లాకు కొన్నేళ్లపాటు సిరొంచే కేంద్రం. రాజులు గీత గీశారు, దొరలు గీత మార్చారు, రాష్ట్రాలు వచ్చాయి. ఆ గీతల మీదుగా పెండ్లి సంబంధాలు సాగుతూనే ఉన్నాయి. అక్కడ టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుంటే ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, అడవి అంచు ఊళ్లలో మాడియా మాట్లాడే మనుషులు తారసపడతారు. తెలుగువాడంటే హైదరాబాదు, విజయవాడ అనుకునే మన లెక్క ఆ బెంచీ మీద కూర్చున్న కాసేపట్లోనే మారిపోతుంది.

ప్రయాణం అంటే తెలుగులో ముందుగా తలుచుకోవలసిన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన మనిషి. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగి ఇల్లు చేరారు. తల్లి, భార్య, పరివారం, బోయీలు అంతా కలిసి నూరు మంది దాకా ఉన్న బృందం. వానకాలంలో తెలంగాణ దాటారు. హైదరాబాదు, నిర్మల్ మీదుగా నాగపూర్ పోయారు. ఆయన గమ్యం కాశీ. ఆచారం తప్పని శ్రోత్రియుడు. కానీ ఆయన రాసిన యాత్ర పుస్తకం తెరిచి చూడండి, ఎంత భాగం దేవుళ్ల గురించి, ఎంత భాగం మనుషుల గురించి ఉందో! ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ నీడ ఉంది, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఏ దారి బురద, ఎక్కడి మనుషులు ఏం తింటారు, ఏం కడతారు, పాలన ఎట్లుంది అన్నీ రాశారు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె కోరితే ఎప్పటికప్పుడు రాసి పంపినవి. ఆయన పోయిన తరువాత 1838లో అచ్చయి ‘కాశీయాత్ర చరిత్ర’ అయ్యాయి. తన నమ్మకాలు తనకున్నాయి, కళ్లు మాత్రం మూసుకోలేదు. తెలిసిన దేవుడి దగ్గరికే పోతూ తెలియని లోకాన్ని ఇంత శ్రద్ధగా చూడవచ్చని ఆయన రెండు వందల ఏళ్ల కిందే చేసి చూపించారు. కాబట్టి తీర్థయాత్ర మానమని నేను అనను. వీరాస్వామయ్య గారి లాగా తీర్థయాత్ర చేద్దామంటాను.

మన కాలంలో మాచవరపు ఆదినారాయణ గారున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉంటూ దేశంలో చాలా దూరాలు కాలినడకన తిరిగి ‘భ్రమణకాంక్ష’ రాశారు. నడిచేవాడికి రాత్రి ఎక్కడ పడుకుంటాడో పొద్దున తెలియదు. ఊరివాళ్ల దయ మీద ఆధారపడాలి. ఆ ఆధారపడటంలోనే మనుషుల మంచితనం బయటపడుతుంది. అందరం అంత నడవలేం, నిజమే. ఒక ఊళ్లో ఆటో ఎక్కకుండా స్టేషను నుంచి బజారు దాకా నడవడం మనలో చాలామందికి చేతనయ్యే పనే.

తెలియని మనుషులతో మెలగడం మనకు కొత్తేమీ కాదు. మన గని ఊళ్లన్నీ బయటి నుంచి వచ్చినవాళ్లు కట్టినవే కదా. 1960ల మొదట్లో గోదావరిఖనిలో గనులు మొదలైనప్పుడు ఇక్కడ అడవి, పల్లెలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, ఖమ్మం జిల్లాల నుంచి, కోస్తా నుంచి, ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి మనుషులు వచ్చి దిగారు. పక్క క్వార్టర్లో వాళ్లు ఏం వండుకుంటారో తెలియదు, మాట పూర్తిగా అర్థం కాదు. అయినా బాయిలో దిగితే ఒకరి ప్రాణం ఒకరి చేతిలో ఉంటుంది కాబట్టి కలిసిపోయారు. జొన్నరొట్టె తినేవాళ్లు లిట్టీ చోఖా రుచి చూశారు, వాళ్లు మన బతుకమ్మ చుట్టూ తిరిగారు. కొత్త మనిషిని కలుపుకోవడం ఈ నేలకు ఎవరూ నేర్పనవసరం లేదు. ఆ గుణాన్ని ఊరు దాటాక కూడా వెంట తీసుకుపోవాలి. నాసిక్‌లో దిగి మన అన్నం, మన పచ్చడి దొరికే హోటలు కోసం రెండు గంటలు వెతికే అలవాటు మానుకోవాలి. వాళ్లు తినేది ఒక పూట తిందాం.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే నా మాట అసంపూర్ణం. అనుకోకుండా తిరగమన్నానంటే ప్రాణం మీదికి తెచ్చుకోమని కాదు. ఈ సంగతి గని కార్మికుడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. పని చోటికి పోగానే మైనింగ్ సర్దార్ చేతికర్రతో కప్పును తట్టి చెవి పెడతాడు. గట్టి కప్పు ఖంగుమంటుంది. లోపల పొర విడితే డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికిన చోట ఎంత తొందర పని ఉన్నా ఎవరినీ అడుగు పెట్టనివ్వడు. ప్రయాణంలో కూడా అదే చెవి కావాలి. వానకాలంలో సబ్బితం జలపాతం దగ్గర పాచి పట్టిన బండల మీదికి సెల్ఫీ కోసం ఎక్కడం సాహసం కాదు. గోదావరిలో లోతు తెలియని చోట దిగడం, ఓపెన్‌కాస్టు దగ్గర బ్లాస్టింగ్ సైరన్ మోగుతున్నా హద్దు దాటి ఫొటోలు తీయడం కూడా అంతే. ఆ ఊరి మనిషి వద్దంటే వద్దు. మనసు తెరిచి ఉంచుకోవడమంటే ఆ ‘వద్దు’ను కూడా వినడమే. దారి, తిండి, మాట, వేళ వీటిని వదులుగా పెట్టుకోవచ్చు. నీళ్లు, ఎత్తు, చీకటి వీటి దగ్గర పట్టుగా ఉండాలి.

పిల్లలున్న ఇళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఈసారి బయటికి పోయినప్పుడు ఆ ఖాళీ పూట ఏం చేయాలో పిల్లల్ని చెప్పనివ్వండి. వాళ్లు గుడి అడగకపోవచ్చు. రైలు ఇంజను దగ్గరికి పోదామంటారు, చేపల మార్కెట్ అంటారు, వాగు అంటారు. పొండి. ఫోను లోపల పెట్టండి. అక్కడ పనిచేసే మనిషిని ఇది ఎట్లా చేస్తారు అని అడగండి. తన పని గురించి అడిగితే సంతోషంగా చెప్పని మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. మనను ఎవరైనా బొగ్గు ఎట్లా తీస్తారని అడిగితే మనం గంటసేపు చెప్పమా? అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో యంత్రం బొగ్గు కోస్తూ పోతుంటే మనుషుల నెత్తిన కప్పును ఎత్తిపట్టే ఇనుప సపోర్టులు తామే ముందుకు జరుగుతాయని చెప్పేటప్పుడు మనవాళ్ల కళ్లలో ఎంత వెలుగుంటుంది! ఆ వెలుగు దేశంలో ప్రతి ఊళ్లోనూ, ప్రతి పనివాడి కళ్లలోనూ ఉంది. అడిగేవాడు కావాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015లో ఎంత జనం వచ్చారో మీరంతా చూశారు. మంథనికి, ధర్మపురికి, కాళేశ్వరానికి మళ్లీ లక్షల మంది వస్తారు. వాళ్లూ మన లాగే తొందరలో వస్తారు. స్నానం, దర్శనం, బస్సు. మీ ఊరి మీదుగా పోయే ఒక్క కుటుంబాన్నైనా ఆపి, ఇక్కడ ఒక గుట్ట ఉంది, అక్కడ ఒక స్తూపం ఉంది, ఒక గంట ఆగి చూసి పొండి అని చెప్పండి. చెప్పాలంటే ముందు మీరు చూసి ఉండాలి. కాబట్టి వచ్చే సెలవు రోజున రామగిరి ఎక్కి రండి. కాళ్లకు జారని చెప్పులు వేసుకోండి, నీళ్లు, గట్కో సద్దో వెంట కట్టుకోండి, దారిలో ఆకులు కోసే మనిషి కనబడితే పలకరించండి.